ఇద్దరి కొరకు తినవలెనా?

గర్భిణి ఇద్దరి కొరకు తినవలెనని కొందరు పెద్దలందురు. ఎక్కువ తినినచో బిడ్డ పెరిగి కాన్పు కష్టమగునని మరికొందరు వారింతురు. ఈ రెండు మాటలును హానికరములని మేము మనవి చేయుచున్నాము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము గర్భిణికి రోజుకు అదనముగా కావలసినది 350 కేలరీలు. ఒక జొన్నరొట్టె, ఒక గిన్నె పప్పు, ఒక అరటిపండు చాలును.

మన దేశమున తగిన బరువుగల స్త్రీ నవమాసములలో 10 నుండి 12 కిలోలు పెరుగుట మేలని వైద్యులు చెప్పుదురు. సన్ననివారు కొంత ఎక్కువ, స్థూలకాయులు కొంత తక్కువ పెరుగవలెను. అందు బిడ్డ బరువు సుమారు 3 కిలోలే. తక్కినది మాయ, ఉమ్మనీరు, వృద్ధియైన రక్తము, పాలకొరకు దాచుకొను కొవ్వు మొదలగునవి.

కడుపు మాడ్చుకొన్నచో 2.5 కిలోలకు తక్కువ తూగు బలహీన శిశువు జన్మింపవచ్చును. మితిమీరినచో తల్లికి మధుమేహము, రక్తపోటు ముప్పు హెచ్చును.

రంజాన్ మాసమున తనకు గాని బిడ్డకు గాని హాని కలుగునను భయమున్న గర్భిణి రోజాలను తరువాత పాటింపవచ్చునని ధర్మశాస్త్రమే అనుమతించినది.

అనేక గృహములలో కోడలు అందరికన్న కడపట భుజించును. గర్భిణికి తొలుత వడ్డించు ఆచారమును విద్యార్థినీ విద్యార్థులు తమ ఇండ్లలోనే ప్రారంభింతురు గాక!