రాజభవనంలో 720 పడకలు

ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో రాయల్ పెవిలియన్ అనే విచిత్రమైన భవనం ఉంది. బయట మొగలాయి గుమ్మటాలు, లోపల చైనా బొమ్మలు, డ్రాగన్లు. నాలుగో జార్జి తన విలాసాల కోసం కట్టించుకున్నాడు. 1823 నాటికి దానికి ఈ రూపమిచ్చిన జాన్ నాష్ భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. అలాంటి ఊహల భారతదేశంలోకి 1914 డిసెంబరులో అసలు భారతీయులు వచ్చారు, అదీ స్ట్రెచర్ల మీద.

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొద్ది వారాలకే మన సైనికులు ఫ్రాన్సులో దిగారు. వాళ్లలో సిక్కులు, పఠాన్లు, గఢ్వాలీలు, గూర్ఖాలు ఉన్నారు. గాయపడినవాళ్లను ఓడల్లో, రైళ్లలో బ్రైటన్‌కు చేర్చారు. పెవిలియన్‌లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న డోమ్‌లోనూ, కార్న్ ఎక్స్ఛేంజిలోనూ కలిపి 720 పడకలు వేశారు. ఒకప్పుడు రాజుగారి విందులు వండిన పెద్ద వంటశాల ఆపరేషన్ థియేటరైంది. ఇక సైనికుల కోసం తొమ్మిది వంటశాలలు వెలిశాయి. మాంసం తినే హిందువులకు, శాకాహారులకు, ముస్లింలకు ఎవరి వంట వారిదే. మంచినీళ్ల కొళాయిలూ వేర్వేరే. సూచనల బోర్డులు ఉర్దూ, హిందీ, గురుముఖి లిపుల్లో రాయించారు. సిక్కుల గురుద్వారాకు డేరా వేశారు, ముస్లింల నమాజుకు పచ్చికలో చోటిచ్చారు.

ఇంత శ్రద్ధ ఎందుకు? 1857 తిరుగుబాటు జ్ఞాపకం దొరలను ఇంకా వదల్లేదు. మతం విషయంలో పొరపాటు జరిగిందన్న కబురు పంజాబు పల్లెలకు చేరితే కొత్తగా సైన్యంలో చేరేవాళ్లు ఉండరు. అందుకే సైనికుల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివేవారు. చక్రవర్తి తన సొంత భవనాన్నే సిపాయిలకు ఇచ్చేశాడన్న ప్రచారమూ సాగింది. నిజానికి 1850లోనే ఆ భవనాన్ని విక్టోరియా రాణి దగ్గర ఊరివాళ్లు కొనేశారు. రాజు దానం చేయడానికి అది ఆయనది కాదు!

పెవిలియన్ పోస్టుకార్డుల మీదకెక్కింది. అదే ఊళ్లోని కిచెనర్ ఆసుపత్రి కథ మాత్రం వేరు. అనాథలనూ బీదలనూ ఉంచే వర్క్‌హౌసును ఖాళీ చేయించి దాన్ని పెట్టారు. అధిపతి కల్నల్ బ్రూస్ సీటన్ చుట్టూ ముళ్లకంచె వేయించి కాపలా పెట్టాడు. సిపాయిలు ఊళ్లో తిరిగితే తెల్ల ఆడవాళ్లతో పరిచయాలు పెరుగుతాయన్నది అధికారుల బెంగ. ఆ కట్టడికి విసిగిన ఒక భారతీయ సబ్ అసిస్టెంట్ సర్జన్ 1915లో సీటన్ మీద కాల్పులకు ప్రయత్నించి జైలుపాలయ్యాడు.

వైద్యం బాగానే జరిగింది, దాన్ని కాదనలేం. కానీ నయమైతే మళ్లీ యుద్ధానికే పంపుతారన్నది సైనికులను తొలిచిన బాధ. బెల్జియంలోని ఈప్రె దగ్గర విషవాయువులోనూ నిలబడి పోరాడిన మీర్ దస్త్‌కు 1915 ఆగస్టులో ఐదో జార్జి పెవిలియన్ పచ్చికలోనే విక్టోరియా క్రాస్ ఇచ్చాడు. పతకం గొప్పదే గాని ఆ వాయువు తనను కుదురుగా ఉండనివ్వడం లేదని ఆయన ఉత్తరంలో వాపోయాడు.

1915 చివర్లో భారతీయ పదాతిదళాన్ని మెసొపొటేమియాకు తరలించడంతో 1916 ఆరంభంలో పెవిలియన్ ఆసుపత్రి మూతపడింది. తర్వాత పెవిలియన్‌లో కాళ్లూ చేతులూ పోయిన బ్రిటిష్ సైనికులను 1920 దాకా ఉంచారు. 1921లో భారతదేశం కానుకగా కట్టిన దక్షిణ ద్వారాన్ని పటియాలా మహారాజు ప్రారంభించాడు.

బ్రైటన్‌లో కన్నుమూసిన ముస్లింలను వోకింగ్‌లో, అక్కడి మసీదుకు దగ్గర్లో ఖననం చేశారు. హిందువులకు, సిక్కులకు పాచమ్ గుట్టల మీద బహిరంగంగా చితి పేర్చారు. ఆ చోట 1921లో తెల్లరాతి ఛత్రి కట్టారు. అక్కడ దహనమైన 53 మంది పేర్లు మాత్రం ఛత్రి మీద లేవు. దాని పక్కన వాటిని రాతిమీద చెక్కించడానికి 2010 దాకా పట్టింది.