అద్దాల లంగా వెనక అసలు ఆట

తెర మీద లంబాడీ పిల్ల ప్రత్యక్షమైందంటే తర్వాత ఏం జరుగుతుందో మన ప్రేక్షకులకు చెప్పనక్కర్లేదు. అద్దాల లంగా, మోచేతుల దాకా తెల్లగాజులు, వెనక పాతికమంది గ్రూప్ డాన్సర్లు. పాట అయిపోతుంది, ఆ పిల్ల మళ్లీ కనిపించదు. చిన్నప్పుడు టాకీసులో కూచుని నేనూ ఈల వేసినదాన్నే. కానీ అది మా ఆట కాదని అప్పుడే తెలుసు. మా తండాలో ఎవరూ అంత గబగబా ఆడరు మరి!

నాది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు తండా. డిండి వాగు దాటితే పాత మహబూబ్‌నగర్ జిల్లా, అచ్చంపేట, కల్వకుర్తి దాకా తండాలే తండాలు. మా పెద్దలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనుకు దిగినవాళ్లు. రైళ్లొచ్చి ఆ వ్యాపారం దెబ్బతిన్నాక నాగలి పట్టారు. మమ్మల్ని మేం గోర్ అనుకుంటాం, బయటివాళ్లు కోర్. మా గోర్ బోలి రాజస్థానీకి దగ్గరి చుట్టం. సొంత లిపి లేదు.

ఐదో తరగతి కాగానే నన్ను హాస్టల్లో వేశారు. నోరు తెరిస్తే తోటి పిల్లలు నవ్వేవాళ్లు. రెండేళ్లలో సగం భాష పోయింది. మిగతా సగాన్ని కాపాడింది తీజ్ పండుగ.

శ్రావణంలో వానలు పడి, నాయక్ సరేనంటేనే తీజ్. పెళ్లికాని ఆడపిల్లలదే పెత్తనమంతా. వెదురు బుట్టల్లో పుట్టమన్నూ ఎరువూ కలిపి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతాం. తొమ్మిది రోజులూ బిందెలతో నీళ్లు తెచ్చి పోయాలి. పోసినప్పుడల్లా పాడాలి, ఆడాలి. బతుకమ్మ చూసినవాళ్లకు ఆ వలయం కొత్తగా ఉండదు. వంగడం, చప్పట్లు, లేవడం, ఒక్క అడుగు పక్కకు. అంతే! ఒక్కో పాట చెప్పొద్దూ, అరగంట సాగుతుంది. పెద్దామె ఒక వరస అంటే మిగతావాళ్లం అందుకోవాలి. కిటుకంతా ఇక్కడే ఉంది. మాట తెలియకపోతే పాట అందదు, పాట అందకపోతే అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే పక్కపిల్ల మోచేత్తో పొడుస్తుంది. పోయిన మాటలన్నీ నాకు ఆ మోచేతి పోట్లతోనే తిరిగొచ్చాయి.

మద్రాసు తిరిగిన సినిమావాళ్లకు అర్మీనియన్ స్ట్రీట్ తెలిసే ఉంటుంది. ప్రపంచంలోనే మొదటి అర్మీనియన్ పత్రిక 1794లో ఆ మద్రాసులోనే అచ్చయింది. దేశాలు పట్టిపోయిన ఆ జాతివాళ్లూ పిల్లలకు నలుగురు చేరినచోట చేయీ చేయీ పట్టించి ‘కొచారి’ నేర్పుతారు. 2017లో ఆ నృత్యం యునెస్కో జాబితాకెక్కింది. వాళ్లకైతే అయిదో శతాబ్దం నుంచీ లిపి ఉంది, మరిచిపోతే పుస్తకం తీసి చూసుకోవచ్చు. మాకున్నది పెద్దామె గొంతు ఒక్కటే.

సరదాకేం తక్కువ లేదు. ‘బోరడి ఝష్కేరో’ నాడు రేగుముళ్లకు నానిన శనగలు గుచ్చాలి. బావ వరసవాళ్లు ఊరుకుంటారా, కొమ్మను ఊపేస్తుంటారు! ఇక చివరిరోజు బుట్టల్ని నీళ్లలో కలిపేటప్పుడు మాత్రం పిల్లలంతా ఏడుస్తారు. వచ్చే ఏడాదికి ఎవరికి పెళ్లయి వలయంలోంచి తప్పుకుంటారో ఎవరికి తెలుసు?

సినిమా మమ్మల్ని బొత్తిగా పట్టించుకోలేదనను. రాథోడ్ సత్యవతి అంటే ఎవరని అడుగుతారు గానీ మంగ్లీ అంటే తెలియనివాళ్లెవరు? అనంతపురం జిల్లా తండా బిడ్డ. 2020లో ‘అల వైకుంఠపురములో’ చిత్రంలో ‘రాములో రాములా’, 2021లో ‘లవ్ స్టోరీ’లో ‘సారంగదరియా’ పాడి ఊపేసింది. ఆ రెండూ తెలుగు పాటలే. మా వలయంలోని పాటను, ఆ నిదానంతోనే, తెర మీద వినాలని నాకింకా ఆశ.

పోయిన తీజ్‌కు వెళ్లాను. పెళ్లయిందాన్ని, బుట్ట నాది కాదు. సగంమంది పిల్లలు హైదరాబాదు నుంచి ఆఖరి రెండు రోజులకే దిగారు. మూలన డీజే బాక్సులు సిద్ధంగా ఉన్నాయి. పాట ఎత్తే పెద్దామెకు దగ్గు, రెండు వరసలకోసారి ఆగుతోంది. ఇంగ్లీషు మీడియం చదివే మా మేనకోడలు ఊరికే పెదవులు కదుపుతూ అడుగు తప్పింది. పక్కపిల్ల మోచేత్తో ఒక్కటి పొడిచింది. మా పిల్ల ఊరుకుందా? వెంటనే తిట్టింది, గోర్ బోలిలోనే.