బిడ్డలతో పట్నం ప్రయాణం

దసరా సెలవులు వచ్చాయంటే మా వీర్నపల్లి పిల్లలు అడిగేది ఒక్కటే: "పట్నం ఎప్పుడు పోదాం?" పట్నమంటే మాకు హైదరాబాదే. సిరిసిల్ల చేరి, అక్కడినుండి సిద్దిపేట, ప్రజ్ఞాపూర్ మీదుగా జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగేసరికి సగం పగలు గడుస్తుంది. ఇటువంటి రెండు మూడు రోజుల ప్రయాణానికి ముందు తల్లులు నా వద్దకు వచ్చి, వెంట ఏ మందులు ఉంచుకోవాలని అడుగుతుంటారు. ఎన్నో ఏళ్ళుగా ఒకే సమాధానం చెబుతూ వచ్చాను. 2024 దసరాకు కొడుకు, కోడలు, ఏడేళ్ళ మనుమడు, రెండున్నరేళ్ళ మనుమరాలితో స్వయంగా వెళ్ళివచ్చాక ఆ సమాధానాన్ని మార్చుకున్నాను.

బస్సు ప్రయాణం సుఖంగానే సాగింది. పిల్లలకు బయలుదేరడానికి గంట ముందు తేలికగా కొంత పెట్టాలి. కడుపు నిండుగానూ ఉండరాదు, ఖాళీగానూ ఉండరాదు. ముందు వరుసలో, గాలి తగిలేచోట కూర్చోబెట్టాలి. శొంఠి, బెల్లం నూరిన చిన్న ఉండను దవడన పెట్టుకున్న మనుమడికి వికారం రాలేదు. చంటిపిల్లలకు ఉండలు ఇవ్వవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. మలమూత్ర వేగాలను ఆపరాదని చెప్పడానికి చరకసంహితలో ‘నవేగాన్ధారణీయ’మని ఒక అధ్యాయమే ఉంది. కావున బస్సు సిద్దిపేటలో ఆగగానే పిల్లలను దింపాలి. అక్కడ బద్ధకించేది పెద్దలే.

మరునాడు నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళాం. 1963లో ప్రజలకు తెరిచిన ఆ తోట 380 ఎకరాలు. (సోమవారం సెలవు, తెలియక వెళ్ళి తిరిగివచ్చేవారు ఎందరో!) శరదృతువు పిత్తం ప్రకోపించే కాలం, ఎండ చురుక్కుమంటున్నది. కాచి చల్లార్చి తెచ్చుకున్న నీరు మధ్యాహ్నానికే అయిపోయింది. వెలుపలికి రాగానే మనుమరాలు చెరకు రసం బండిని చూసి నా ధోవతి పట్టుకొని ఏడ్చింది. చెరకు పిత్తశామకమే కదా అని నాకు నేనే శాస్త్రం చెప్పుకొని కొనిచ్చాను. చెరకు గుణం నాకు తెలుసు. అందులో వేసిన మంచు ఏ నీటిదో, గ్లాసు ముంచి తీసిన బకెట్టులోని నీరు ఎప్పటిదో అడగలేదు. నా వద్దకు వచ్చే తల్లులకు నేను మొట్టమొదట వద్దనేది అదే.

రాత్రి పది గంటలకు, మేము బస చేసిన బంధువుల ఇంట, బిడ్డకు వాంతి అయింది. తరువాత నీళ్ళ విరేచనాలు. ఛర్దిలోనూ అతిసారంలోనూ శాస్త్రం చెప్పిన వరి పేలాల జావ చేద్దామంటే ఆ ఇంట పేలాలు లేవు. పలుచని బియ్యపు గంజిలో కొద్దిగా ఉప్పు వేసి పట్టాను. ఇంతలో మా అబ్బాయి మందుల దుకాణం నుండి ‘ఓఆర్‌ఎస్’ అని పెద్ద అక్షరాలున్న పండ్లరసం డబ్బా తెచ్చాడు. తియ్యగా ఉన్నందున బిడ్డ ఆత్రంగా తాగింది, విరేచనాలు హెచ్చాయి. తెల్లవారనిమ్మన్నాను. నాలుగు గంటలకు కోడలు అన్నది: "మామయ్యా, రాత్రి తొమ్మిదింటికి ఒంటికి పోయింది, మళ్ళ పోలేదు. ఏడుస్తుంది గాని కండ్ల నీళ్ళు వస్తలేవు."

నాడి పట్టి కూర్చున్న నాకంటే ఆమె లెక్కయే సరియైనది. బిడ్డ పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే ముడత వెంటనే పోలేదు. కళ్ళు లోతుకుపోయాయి. ఇక నా పెట్టెలోని చూర్ణాలతో పని లేదని గ్రహించి ఆసుపత్రికి తీసుకొనిపోయాం. సెలైను ఎక్కించారు. సాయంత్రానికి బిడ్డ అన్నం అడిగింది. ఇంకొక రెండు గంటలు నా మాటే నెగ్గి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ భయమే.

అతి తీపి పేగులలోనికి నీటిని లాగుతుంది. చక్కెర, ఉప్పు తగుపాళ్ళలో కలిసినప్పుడే పేగు నీటిని ఒంటికి చేరుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినపుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీటితోనే ఎందరినో బతికించారు. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మే తీపి పానీయాలపై హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, సరియైన సూత్రం లేని పానీయాలపై ఆ పేరు వేయరాదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ముద్రించిన పొడి పొట్లాన్నే అడగండి.

లీటరు పొట్లమైతే మొత్తం పొడిని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. కొంచెం కొంచెంగా పొడి తీసి కలిపితే పాళ్ళు తప్పుతాయి. పొట్లం దొరకనప్పుడు లీటరు నీటికి ఆరు చదును టీచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించరాదు. ఒక్కొక్క చెంచా చొప్పున పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు మానరాదు, గంజి, మెత్తని అన్నం పెట్టవచ్చు. ఏడాది నిండని బిడ్డకు ఏ అనుపానంలోనూ తేనె వద్దు. ఆరు గంటలు మూత్రం రాకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా గృహవైద్యం ఆపి బయలుదేరాలి. ఆరు నెలలలోపు బిడ్డయితే ఈ లక్షణాలకై ఎదురుచూడనే వద్దు.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని గంటలు కొట్టే గడియారాన్ని చూడకుండానే తిరిగివచ్చాం. మనుమడు దానిని ఇంకా మరువలేదు. వచ్చే సెలవులకు మళ్ళీ వెళ్ళాలి. పొడి పొట్లాలు నాలుగు కోడలు అప్పుడే సంచిలో వేసింది; నీళ్ళ సీసాల లెక్క కూడా ఆమెదే.