కిరాయి ఇంటి లెక్క

కొన్నేళ్ల క్రితం కోరుట్లలో ఒక విశ్వాసి గృహప్రవేశ ప్రార్థనకు వెళ్లాను. ఇరవై రెండేళ్లు గల్ఫ్‌లో కష్టపడి కట్టుకున్న ఇల్లది. కింద తాను, పైన కిరాయికివ్వడానికి మూడు పోర్షన్లు. 'ఇగ కిరాయిల మీదనే బతుకు ఎల్లిపోతది అయ్యగారూ' అన్నాడు ఆనందంగా. రెండేళ్లకు అదే ఇంటికి మరో ప్రార్థనకు పిలిచాడు. ఈసారి కొడుకు దుబాయి ప్రయాణం కోసం! 'బ్యాంకు కిస్తులు కట్టెటందుకు పోరన్ని పంపుతున్న' అంటూ కళ్లొత్తుకున్నాడు. తన బిడ్డ ఎడారి పాలు కావద్దనే ఆ ఇల్లు కట్టిన తండ్రి అతడు. ఎవరూ మోసం చేయలేదు, ఇల్లూ కూలలేదు. మరి పొరపాటెక్కడ జరిగింది?

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసుప్రభువు అడిగాడు (లూకా 14:28). తనను వెంబడించడానికి చెల్లించాల్సిన వెల గురించి ప్రభువు చెప్పిన మాట ఇది. అయితే లెక్క చూడకుండా కట్టేవాడు నవ్వులపాలవుతాడని వినేవారందరికీ తెలుసు కనుకనే ఆయన ఆ ఉపమానాన్ని ఎంచుకున్నాడు. మనం మాత్రం ఉపమానాన్ని ప్రసంగంలో వింటాం, ఇల్లు కట్టేటప్పుడు మరచిపోతాం.

ఆ రోజు మేమిద్దరం ఒక కాగితం తీసుకుని కూర్చున్నాం. స్థలం విలువ కాకుండా పై అంతస్తులకు అయిన ఖర్చు 30 లక్షలు. అందులో 15 లక్షలు 9 శాతం వడ్డీకి పదిహేనేళ్ల బ్యాంకు అప్పు. నెల కిస్తు 15,200 రూపాయలు. మూడు పోర్షన్ల కిరాయి, ఒక్కోటి 4,000 చొప్పున 12,000. ఏడాదికి లక్షా 44 వేలు. ఒక పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉంటే 8,000 పోయినట్టే. ఇంటిపన్ను, మోటారు రిపేరు, సున్నాలు, కారే నల్లాలు కలిపి మరో 24 వేలు. మిగిలింది లక్షా 12 వేలు. పెట్టిన సొమ్ముకు ఏడాదికి నూటికి నాలుగు రూపాయలైనా రాలేదు. కిస్తులు మాత్రం ఏడాదికి లక్షా 82 వేలు. ఏటా 70 వేల లోటు! పదిహేనేళ్లు పూర్తయ్యేసరికి 15 లక్షలకు చెల్లించేది 27 లక్షలు దాటుతుంది. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కట్టేవారి సంగతి ఇంకా ఘోరం. అది ఏడాదికి 24 రూపాయలు. నాలుగు రూపాయలు తెచ్చే ఇల్లు ఇరవైనాలుగు రూపాయల అప్పును ఎలా మోస్తుంది?

స్థలం ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు. కానీ అమ్మేదాకా ఆ పెరుగుదల కిస్తు కట్టదు, బియ్యం కొనదు.

కిరాయిదారుల రాకపోకలు కూడా మన చేతుల్లో లేవు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులొస్తాయి, ఉద్యోగులొస్తారు అనే ఆశతో అప్పుచేసి మడిగెలు, గదులు కట్టినవారున్నారు. జగిత్యాలలో ఆఫీసులన్నిటినీ ఒక్కచోటికి చేర్చే సమీకృత కలెక్టరేట్ 2022 డిసెంబరులో ప్రారంభమైంది. సిరిసిల్లలో సాంచాలు నడిస్తేనే కార్మికుడి చేతికి కూలి, ఇంటివాడి చేతికి కిరాయి. 2021 జూలైలో మండెపల్లిలో 1,320 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభమయ్యాయి. సొంత గూడు దొరికిన పేదకు అది పండుగే. కానీ ఆ పేద ఖాళీచేసే గదినే నమ్ముకుని అప్పు చేసినవాడికి? పొరుగువాడి మేలుకు సంతోషించలేని స్థితిలోకి మనల్ని నెట్టే అప్పు ఎంత ప్రమాదకరమో ఆలోచించండి.

2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి. మూడు నెలల కిరాయి వసూలును వాయిదా వేసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. బ్యాంకు కిస్తులకూ కొంత గడువు దొరికింది కానీ వడ్డీ ఆగలేదు. అప్పు లేని యజమాని 'తర్వాత ఇవ్వు తమ్మీ' అనగలిగాడు. పీకలదాకా మునిగినవాడు, మనసున్నా అనలేకపోయాడు. పేదవాని దగ్గర కుదువ పెట్టుకున్న వస్త్రాన్ని పొద్దు గుంకకముందే తిరిగివ్వాలని ధర్మశాస్త్రం చెబుతోంది (నిర్గమ 22:26, 27). దయ చూపించే స్తోమత మిగుల్చుకోవడం కూడా లెక్కలో భాగమే.

మరో మాట. 'మీరేమిటోళ్లు?' అన్న ప్రశ్నతో ఇల్లు దొరక్క వీధులు తిరిగినవారు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. అలాంటి మనమే ఇంటివారమైన రోజున టులెట్ బోర్డు కింద నిలబడి అదే ప్రశ్న అడిగితే? అపొస్తలుడైన పౌలు రోమాలో రెండేళ్లు అద్దె ఇంట్లోనే ఉన్నాడు, తన వద్దకు వచ్చినవారందరినీ చేర్చుకున్నాడు (అపొ.కా. 28:30). సంకెళ్లతో, కావలి సైనికుడితో వచ్చిన అతనికి మనలో ఎంతమందిమి ఇల్లిచ్చేవాళ్లం? భూమి నాది, మీరు నా యొద్ద కాపురమున్న పరదేశులు అన్న భావం ఇశ్రాయేలీయులకు దేవుడు నేర్పాడు (లేవీ. 25:23). ఆ లెక్కన ఇంటివారమూ కిరాయిదారులమే.

కిరాయికి ఇల్లు కట్టడం పాపం కాదు. చేతిలోని సొమ్ముతో, ఏడాదిలో రెండు నెలలు ఖాళీగా ఉన్నా కుదేలవని లెక్కతో కడితే అది వృద్ధాప్యంలో ఆసరా. రాసుకున్న ఒప్పందం, ఇచ్చే రసీదు ఇద్దరికీ రక్షణ.

ఆ సోదరుడు తన ఖాళీ ప్లాటు అమ్మి అప్పులో చాలా భాగం తీర్చాడు. కానీ కొడుకు అప్పటికే విమానం ఎక్కేశాడు. ఇందులో నా తప్పూ ఉంది. గృహప్రవేశంలో ఇంటిని దీవించమని ప్రార్థించాను కానీ, 'తమ్మీ, అప్పెంత?' అని అడగలేదు. ఇప్పుడు పునాది రాయి ప్రార్థనకు ఎవరు పిలిచినా ముందు ఒక కాగితం, పెన్ను తెమ్మంటున్నాను. లెక్క అయ్యాకే ప్రార్థన.