చెరువుకట్టే ట్రాకు... ఏటి ఇసుకే మైదానం
కోడికూతతో పరుగు మొదలుపెడుతున్న పల్లె యువత

అనంతపురం: తెల్లవారుజామున నాలుగున్నర. ఊళ్లో పాలక్యాన్ల చప్పుడు ఇంకా మొదలుకాలేదు. చెరువుకట్ట మీద మాత్రం అడుగుల చప్పుడు వినిపిస్తోంది. తూము దగ్గర బయలుదేరిన నలుగురు కుర్రాళ్లు మరువ దాకా పరుగెత్తి, మళ్లీ తూము దగ్గరికి వచ్చి ఫోన్లో టైము చూసుకుంటున్నారు. చెరువులో నీళ్లు లేవు. కట్ట కింద మడి దున్ని చాలా కాలమైంది. కట్ట మాత్రం ఊరి పిల్లలకు ఇలా అక్కరకొస్తోంది.

పోలీసు ఉద్యోగం కోసమో, సైన్యంలో చేరడానికో రోజూ ఇలా పరుగెత్తేవారు జిల్లా పల్లెల్లో కొల్లలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో వేరుశెనగ ఒక ఏడు చేతికొస్తే రెండేళ్లు ఎండుతుంది. ఇంట్లో ఒకరికి నెలజీతం వస్తే అప్పుల బాధ తీరుతుందని తల్లిదండ్రుల ఆశ. ఆ ఆశకు అడ్డంగా ఉన్నది 1600 మీటర్ల దూరం.

ఎనిమిది నిముషాల లెక్క

రాష్ట్ర కానిస్టేబుల్ పరీక్షలో మగవారు 1600 మీటర్లు 8 నిముషాల్లో పరుగెత్తాలి. ఆడవారికి పదిన్నర నిముషాలు. ఇది తప్పితే మిగతా పరీక్షలు ఎంత బాగా చేసినా లాభం లేదు. సైన్యం భర్తీలో పోటీ మరీ గట్టిది. అక్కడ 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిముషాల్లో ముగించినవారికి పూర్తి మార్కులు 60 వస్తాయి.

పరుగుకన్నా ఎదురుచూపు కష్టమన్నది అభ్యర్థుల మాట. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. తొలి రాతపరీక్ష 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు చివర. ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. రాతపరీక్ష గట్టెక్కినవారు దాదాపు రెండేళ్లపాటు ఒంట్లో బిగువు తగ్గకుండా రోజూ పరుగెత్తవలసి వచ్చింది. కూలికి పోతూ, బెంగుళూరులో పనిచేస్తూ, సెలవుకు ఊరొచ్చి కట్ట ఎక్కినవారూ ఉన్నారు.

కాలువ గట్లు అనువు

పరుగుకు అన్నిటికన్నా అనువైనవి కాలువ గట్లు. తుంగభద్ర ఎగువ కాలువ బళ్లారి వైపు నుంచి జిల్లాలోకి వచ్చి మధ్య పెన్నార్ జలాశయం చేరుతుంది. కాలువ పర్యవేక్షణకు వేసిన మట్టిదారి చాలాచోట్ల చదునుగా, ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. మట్టినేల మీద మోకాళ్లకు దెబ్బ తక్కువ. నీళ్లు వదిలిన రోజుల్లో మాత్రం జాగ్రత్త అవసరం. గట్టు తడిసి జారితే ప్రవాహంలోంచి పైకి రావడం ఈత వచ్చినవారికీ కష్టమే. చీకట్లో కాలువ వైపు కాక, బయటి అంచు వైపు పరుగెత్తడం మేలు.

చెరువుకట్టల మాటకొస్తే జిల్లాకు వాటితో ఉన్న అనుబంధం పాతది. బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాశారు. ఊరు బతకాలని ఆనాడు కట్టను కాపాడుకున్నారు. అనేక ఊళ్లలో ఈనాడు అవే కట్టలు సర్కారు తుమ్మ కంపతో మూసుకుపోయాయి. కంప కొట్టించినచోట కుర్రాళ్లు పరుగెత్తుతున్నారు. కొట్టించనిచోట తారు రోడ్డు ఎక్కుతున్నారు.

ఏటి ఇసుకలో

నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం ప్రాంతాన్ని తాకి, కర్ణాటకలోకి పోయి, మళ్లీ పేరూరు వద్ద ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది. పామిడి, తాడిపత్రి మీదుగా కడప జిల్లాకు సాగిపోతుంది. చిత్రావతి పుట్టపర్తి, బుక్కపట్నం, ధర్మవరం మీదుగా వచ్చి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ ఏళ్లు ఇసుకపరుపులే.

పొడి ఇసుకలో పరుగెత్తితే గట్టినేల మీదకన్నా సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పిక్కలు గట్టిపడతాయి గాని, కొత్తవారు మొదటి రోజే దిగితే మడమ నరం పట్టేస్తుంది. వారానికి ఒకటి రెండు రోజులు, అదీ తడి ఆరని గట్టి ఇసుక మీద మొదలుపెట్టడం మంచిది. ఇసుక తోడిన గోతులున్నచోట చీకట్లో దిగరాదు.

ఎండిన ఏరని తేలిగ్గా తీసుకోకూడదు. 2021 నవంబరు వానలకు చిత్రావతి ఒక్కసారిగా పొంగింది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద ఏటి నడుమ చిక్కుకుపోయిన పదిమందిని వైమానిక దళం హెలికాప్టరుతో బయటికి తీయవలసి వచ్చింది. పైన వాన పడితే కింద మబ్బు లేకపోయినా నీరు వస్తుంది.

అడవి దారులు

కరువు సీమలో అడవి లోయలెక్కడివని అనుకునేవారు చెన్నేకొత్తపల్లి మండలం ముష్టికోవెల వైపు వెళ్లి చూడాలి. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ కొండలను 1990 దశకం నుంచి చుట్టుపక్కల ఊళ్లవారు, టింబక్టు కలెక్టివ్ సంస్థ కలిసి కాపాడుతూ వచ్చారు. అదే కల్పవల్లి. నిప్పు పాకకుండా అగ్గిబాటలు తీశారు. కావలి పెట్టారు. గడ్డి మొలిచింది, వంకల వెంట ఈతచెట్లు లేచాయి. తర్వాత గాలిమరల కోసం వేసిన రోడ్లు కొండల మీదికి దారి చూపాయి గాని, తవ్విన చరియలు వానకు కోసుకుపోయి వంకల్లో మట్టి పూడుతోందని ఊళ్లవారు బాధపడ్డారు.

ఇటువంటి దారుల్లో ఎక్కుడు దిగుడు ఉంటుంది కనుక ఊపిరి బలం పెరుగుతుంది. అయితే రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కుందుర్పి ప్రాంతాల కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. అవి పొద్దుపొడుపు వేళ, మాపటివేళ నీళ్లకూ పండ్లకూ పొలాల్లోకి దిగుతాయి. అక్కడ తెల్లారక ముందు పరుగు వద్దు. వెలుగు వచ్చాక నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ వెళ్లాలి. చెవుల్లో పాటలు పెట్టుకుంటే వెనకనుంచి వచ్చే అలికిడి తెలియదు.

రోడ్డెక్కితే ముప్పు

వీటన్నిటికన్నా ప్రమాదం రోడ్డు మీదే ఉంది. గుత్తి, పామిడి, రాప్తాడు, పెనుకొండ మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారిలో రాత్రంతా లారీలు ఆగవు. తెల్లవారుజామున డ్రైవరు కళ్లు మూతలు పడే వేళకే కుర్రాళ్లు రోడ్డెక్కుతారు. తప్పనిసరైతే తెల్ల చొక్కా వేసుకుని, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడివైపు అంచున పరుగెత్తాలి.

ఆడపిల్లల ఇబ్బంది వేరు. చీకట్లో కట్ట మీదికి పంపడానికి ఇంట్లోవాళ్లు జంకుతారు. ఊరి బడి ఆవరణలో ఒక దీపం వేస్తే వారికి అదే పెద్ద సాయం.

పరుగంటే ఉద్యోగం ఒక్కటే కాదని కూడా ఈ జిల్లా చూసింది. 2016లో ఇక్కడి గ్రామీణాభివృద్ధి ట్రస్టు తోడుగా స్పెయిన్ పరుగువీరులు పల్లెదారుల వెంట 170 కిలోమీటర్లు వంతులవారీగా పరుగెత్తారు. పేదలకు ఇళ్లు కట్టే నిధి కోసం ఆ పరుగు.

ఊరు చేయదగ్గది

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కట్ట మీద కంప కొట్టించి, టేపుతో 800 మీటర్లు కొలిచి రెండు కొసలా రాళ్లు పాతి సున్నం పూస్తే చాలు. పోయి వస్తే 1600 మీటర్లు. ఫోను చూపే దూరం కొన్నిసార్లు తప్పుతుంది, పాతిన రాయి తప్పదు. ఎండాకాలం పొద్దెక్కక ముందే ముగించి, ఇంటికొచ్చి రాగి అంబలో మజ్జిగో తాగితే ఒంటికి చలవ.

పొద్దు పొడిచేసరికి కుర్రాళ్లు కట్ట దిగారు. ఒకడు ఆవులు తోలుకుని పోవాలి, ఇంకొకడు ధర్మవరం మగ్గాల పనికి. నాలుగోవాడి టైము ఎనిమిది నిముషాల పన్నెండు సెకన్లు. ఆ పన్నెండు సెకన్లు తగ్గించుకోవడానికి రేపు కోడి కూయకముందే వస్తానంటున్నాడు.