పదవ తరగతి పరీక్ష – జీవన నైపుణ్యములు



ఖరీఫు పంట ఇల్లు చేరిన పిమ్మట మన కోసిగి ప్రాంతమున రెండు సన్నాహములు ఒక్కమారే మొదలగును. ఒకటి సుగ్గి ప్రయాణము. మిరపకాయలు కోయుటకును, పత్తి తీయుటకును కుటుంబములు మూటలు కట్టుకొని గుంటూరు వైపునకు పోవును. రెండవది పదవ తరగతి బాలబాలికల పరీక్షా ప్రయత్నము. సుగ్గిపని ముమ్మరముగా నుండు దినములకును, మార్చి మాసమున జరుగు పరీక్షకును నడుమ ఎడము లేదు. కావున పరీక్షకు సిద్ధపడుట యనునది బడికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. ఇంటికిని, ఊరికిని సంబంధించినది. జీవన నైపుణ్యములని నేడు బడులలో చెప్పుచున్న విషయమును, దానికై బిడ్డలను సిద్ధపరచు విధమును గూర్చి నాకు తోచినంత మనవి చేసెదను.

‘జీవన నైపుణ్యము’ అను మాట క్రొత్తది, వస్తువు ప్రాతది. మన పెద్దలు దీనినే లోకజ్ఞత యనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1993వ సంవత్సరమున వెలువరించిన పత్రములో బడిపిల్లలకు నేర్పదగినవి పది నైపుణ్యములని లెక్కించిరి. తన్ను తా నెఱుగుట, ఎదుటివాని కష్టమును తనదిగా భావించుట, మంచి చెడ్డలను తర్కించుట, క్రొత్త త్రోవ కల్పించుకొనుట, నిర్ణయము చేయుట, చిక్కును విప్పుట, మనసులోని మాటను తేటగా చెప్పుట, పదిమందితో పొసగి మెలగుట, ఉద్వేగము నణచుకొనుట, ఒత్తిడిని తాళుకొనుట అనునవే యా పది.

వీనిలో మన కెఱుక లేనిది ఒక్కటియు లేదు. నల్లరేగడిలో వాన కురిసిన మరునాడే గొఱ్ఱు కట్టక, పదును చూచి విత్తువాడు నిర్ణయము చేయుట యెఱిగినవాడు. ఆదోని విపణిలో ప్రత్తిబేరము తెగకమునుపు తూకమును, ధరను సరిచూచుకొనువాడు తర్కించుట యెఱిగినవాడు. తెగిన పోగును విసుగుకొనక అతుకు నేతగాడు ఉద్వేగము నణచుకొనుట యెఱిగినవాడు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారికి సహకార సంఘమును నెలకొల్పినది ఈ నైపుణ్యముల బలముననే కదా! ఒంటరిగా నిలువలేని మగ్గములు పదింటితో కలిసి నిలిచినవి.

పండితులు మఱియొక దృష్టాంతమును సులువుగ గ్రహింపగలరు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందలి మిత్రలాభమున పావురములు వలలో చిక్కుకొనిన కథ మీ రెఱుగుదురు. రాజైన చిత్రగ్రీవుడు తనవారిని నిందింపలేదు. భయపడి ఎవరికి వారు కొట్టుకొనిన వల మఱింత బిగియునని తెలిసికొనెను. అందఱు నొక్కమారుగ నెగిరిన వలయే లేచునని యుపాయము చెప్పెను. చెలికాడైన హిరణ్యకుని చేరి, మొదట తన పరివారపు త్రాళ్లు కొఱుకుమనెను. పైన చెప్పిన పదింటిలో సగమునకు పైగా ఈ యొక్క కథలోనే కలవు. తాతలు ఇట్టి కథను చెప్పి, ‘నీవైన నేమి చేసియుందువు?’ అని బిడ్డ నడిగిన చాలును. అదియే పాఠము.

ఇక బడిలో దీని స్థానమేమి? 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రచించిన విద్యాప్రణాళికా పరిధి పత్రము కళలను, పనివిద్యను, ఆరోగ్య వ్యాయామములను చేర్చినట్లే ‘విలువల విద్య, జీవన నైపుణ్యములు’ అను దానిని కూడ పాఠ్యముతో సమముగ చేర్చినది. దీనికి మూడు గంటల ప్రశ్నపత్రము లేదు. ఉపాధ్యాయుడు బిడ్డ నడవడిని ఏడాది పొడవున గమనించి శ్రేణి నిర్ణయింపవలయును. కావున పరీక్షకు ముందు రాత్రి వల్లెవేసి దీనిని సంపాదింప వీలులేదు. అయినను దీనికి పరీక్ష లేదనుకొనుట పొరపాటు. పదవ తరగతి సార్వజనిక పరీక్షయే దీనికి నిజమైన పరీక్ష. కాలమును పంచుకొనుట, భయమును జయించుట, తెలియని ప్రశ్న యెదురైనప్పుడు తొట్రుపడక నిలుచుట, చీటీ నందించువానిని కాదనుట, ఇవి యన్నియు అచట ఒక్కమారే పరీక్షింపబడును.

మొదట కాలవిభజనమును చూతము. పాఠ్యవిషయము లాఱు, ఒక్కొక్కదానికి నూఱు చొప్పున మొత్తము 600 మార్కులు. పరీక్షకు తొంబది దినములున్నవనుకొందము. ఒక్కొక్క విషయమునకు వరుసగ పదునైదు దినములు కేటాయించినచో, ఆఱవ విషయము ముగియు వేళకు మొదటిది మఱపున బడును. అట్లుగాక దినమునకు రెండు విషయములు చొప్పున త్రిప్పి చదివినచో ప్రతి విషయము మూడు దినములకొకసారి వచ్చును. తొంబది దినములలో ముప్పదిసార్లు చేతికి చిక్కును. చేనికి నీరు ఒక్కసారి ముంచి పెట్టుటకంటె తడులు తడులుగ పెట్టుట మేలని రైతుకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవది చదువు పద్ధతి. మన సంప్రదాయమున శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మూడు మెట్లు చెప్పుదురు. నేటి పిల్లలు మొదటి మెట్టునందే నిలిచిపోవుచున్నారు. పుస్తకమును పదిమార్లు చదువుదురు గాని, మూసి ఒక్కమారైన తలచుకొనరు. చదివిన పుట మూసి, అందలి సంగతిని నోటితో చెప్పుటయే మననము. మఱునాడును, మూడవనాడును, వారము గడచిన పిదపను మరల చెప్పించుకొనవలయును. మన సరిహద్దు గ్రామములలో కొందఱి యింట కన్నడము, వీధిలో తెలుగు, పుస్తకమున ఇంగ్లీషు నడుచుచున్నవి. ఆ బిడ్డ పాఠమును మొదట ఇంటి భాషలో అవ్వకు వివరింపనిండు. అవ్వకు బోధపడిన పాఠము బిడ్డకు బోధపడినట్లే. ఆపైన దానిని పరీక్షా భాషలో వ్రాయుట నేర్చుకొనవచ్చును. మీకు లెక్కలు రాకపోయినను వినుటకు చెవులు కలవు గదా!

మూడవది పరీక్షా మందిరము. నూఱు మార్కుల పత్రమున ప్రశ్నలు చదువుకొనుటకు పదునైదు నిమిషములును, వ్రాయుటకు మూడు గంటలును ఇచ్చుచున్నారు. ఆ మూడు గంటలలో తుదకు పదునైదు నిమిషములు సరిచూచుకొనుటకు విడిచినచో 165 నిమిషములు మిగులును. అనగా నాలుగు మార్కుల ప్రశ్నకు ఆఱేడు నిమిషములు, ఎనిమిది మార్కుల ప్రశ్నకు పదుమూడు నిమిషములు. ఈ లెక్క బిడ్డ మనసున నుండవలయును. వచ్చిన ప్రశ్నను మొదట వ్రాసి, రానిదానిని పిదప తలపెట్టుట మేలు. ఇంటివద్ద ప్రాత ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని నాలుగైదు మార్లయిన వ్రాయించినచో ఆనాడు చేయి వణకదు.

చీటీల సంగతి కొంచెము కఠినముగ చెప్పవలసియున్నది. గోడ యవతలినుండి చీటీ విసరువాడు బిడ్డకు మేలు చేయుచున్నాననుకొనును. ఇట్టి అక్రమములను నిషేధించుటకు 1997లోనే మన రాష్ట్రమున శాసనము పుట్టినది. శాసనము మాట యటుండనిండు. నీవల్ల కాదు, మోసము వలననే యగును అని పెద్దలే బిడ్డకు నేర్పినచో, పది నైపుణ్యములు చెప్పిన ఉపాధ్యాయుని శ్రమ ఒక్క పూటలో మట్టిపాలగును.

నాలుగవది దేహము, మనసు. రాత్రి తెల్లవార్లు మేలుకొనిన బిడ్డకు తెల్లవారిన తరువాత చదివినది తోచదు. ఏడెనిమిది గంటల నిద్రయు, వేళకు రొట్టెయు, త్రాగుటకు మంచినీరును కావలయును. ఆడపిల్లను నీళ్లకును, వంటకును, పసిపిల్లల నెత్తుకొనుటకును పిలిచి, మగపిల్లవానిని మాత్రము చదువుకొమ్మనుట న్యాయము కాదు; ఆమెకును ఇరువదినాలుగు గంటలే కలవు. అన్నము ముట్టక, ఎవరితోను పలుకక, ‘నేను బ్రతికి యేమి ప్రయోజనము’ అని బిడ్డ యన్నచో దానిని వేషమని కొట్టివేయవలదు. దగ్గఱ కూర్చుండి వినవలయును. ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలిమానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో వైద్యసలహా ఉచితముగ లభించును.

ఇక ముఖ్యమైన మాట. సుగ్గికి పోవువారు కండబలము గలవారు. ఊర నిలుచువారు వృద్ధులు. అనగా ఈ పరీక్షకు సిద్ధపడు బిడ్డకు ఆ రెండు మూడు నెలలు తల్లియు తండ్రియు మీరే. ‘పిల్లనుకూడ తోడుకొనిపోదుము, కోత కూలి వచ్చును’ అని కొడుకు అన్నప్పుడు కాదనగల నోరు ఆ యింట మీదొక్కటే. ఆ కుటుంబపు కష్టమును నేను తేలికగ చెప్పుటలేదు. వానలు తప్పిన యేట అప్పులవాడు వాకిట నిలుచును. రెండు చేతులు అదనముగ నున్న రెండు రూకలు అదనముగ వచ్చుట నిజమే. కాని ఆ కూలి వేసవిలోనే కరగిపోవును. తప్పిపోయిన పరీక్ష తలుపును మూసివేయును. మరల బడి గడప యెక్కినవారిని నా ఉద్యోగకాలమున నేను మిక్కిలి తక్కువగ చూచితిని.

కావున ప్రయాణమునకు ముందే ప్రధానోపాధ్యాయుని కలిసికొనుడు. సుగ్గికి పోవువారి పిల్లలకై కాలానుగుణ వసతిగృహములు నడుపు పద్ధతి కలదు. అది మీ యూర నున్నదేమో విచారింపుడు. పగటిభోజనము బడిలో పదవ తరగతివఱకును పెట్టుచున్నారు. కావలసినది రాత్రి తలదాచుకొను చోటు, ఒక దీపము, పలుకరించు మనిషి. తాతయవ్వలు లేని బిడ్డ యున్నచో రచ్చకట్టమీద నలుగురు పెద్దలు కూర్చుండి ఏ యింట నుంచవలయునో నిర్ణయింపుడు.

ఆడపిల్లల విషయమున వేఱొక యపాయము కలదు. పరీక్ష ముగిసిన వేసవిలోనో, అంతకు ముందో సంబంధము కుదుర్చు అలవాటు మనలో పూర్తిగ పోలేదు. 2006 నాటి శాసనము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరము. 1098 సంఖ్యకు వార్త పంపినచో అధికారులు వత్తురు. 2024లో మన కర్నూలు జిల్లాలోనే బాల్యవివాహమును తప్పించుకొని కస్తూర్బా విద్యాలయమున చేరిన ఒక బాలిక ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరమున అగ్రస్థానము నందుకొనెను. ‘వద్దు’ అని చెప్పగలుగుటయు, ఆ మాట వినిపించుకొను పెద్ద యొకడు దొరకుటయు, ఈ రెండును కూడినప్పుడే జీవన నైపుణ్యము ఫలించును.

తుదకు ఫలితములను గూర్చి. మార్కులు తక్కువ వచ్చిననాడు బిడ్డను పదిమందిలో తిట్టవలదు, ప్రక్కింటివానితో పోల్చవలదు. తప్పినవారికి అదే వేసవిలో అనుబంధ పరీక్ష కలదు. దానికి గడువులోపల రుసుము కట్టించుట పెద్దల విధి. విత్తు మొలవనిచోట మరల విత్తుదుము గాని చేనిని పాడుపెట్టము కదా! మార్కుల పత్రము ఒక్క యేటిది. ధైర్యము, ఓర్పు, సత్యము అనునవి యావజ్జీవము నుండునవి. ఆ రెంటిని బిడ్డ సంపాదించుకొనుటకు ఈ యేడు మీ యింట చోటు కల్పింతురు గాక యని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.