మందు మానాక మిగిలే మనిషి

"మందు ముట్టకపోతే బంగారంలాంటి మనిషండీ." తాగుడుతో చితికిన ఏ ఇంటికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. తల్లి అంటుంది, భార్య అంటుంది, ఇరుగుపొరుగూ అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, ఆశ ఉంది, చాలాసార్లు నిజమూ ఉంది. అయితే అన్నిసార్లూ కాదు. డీ అడిక్షన్ సెంటర్‌లో నెల రోజులుండి, వణుకు తగ్గి, ఆకలి పుట్టి, నిద్రపట్టి ఇంటికొచ్చిన మనిషి చుక్క తాగకుండానే మళ్లీ అనుమానాలతో ఇంటిల్లిపాదినీ వేధించవచ్చు. నలుగురిలోకి రాలేక గదిలో తలుపేసుకోవచ్చు. చిన్న మాటకే ప్రాణం తీసుకుంటానని బెదిరించవచ్చు. మందు పోయింది కదా, మరి ఇదెక్కడిదని ఇంట్లోవాళ్లు నిర్ఘాంతపోతారు. కొన్ని వారాలకు అతను మళ్లీ తాగితే, మనసు గట్టిది కాదని తేల్చేస్తారు. ఈ తీర్పు చాలామంది విషయంలో తప్పు. తాగుడు మానడానికి చికిత్సకు వచ్చేవాళ్లలో చెప్పుకోదగ్గంత మందికి తాగుడుతో పాటు వ్యక్తిత్వ రుగ్మత కూడా ఉంటుంది. డాక్టర్లు పర్సనాలిటీ డిజార్డర్ అనేది దీన్నే. దాన్ని పట్టించుకోకుండా మందొక్కటే మాన్పించి పంపితే చికిత్సను మధ్యలో ఆపేసినట్టే.

స్వభావం అందరికీ ఉంటుంది. ఒకరికి ముక్కుమీద కోపం, ఒకరికి బిడియం, ఇంకొకరికి ఎవర్నీ నమ్మని గుణం. అంతమాత్రాన అది జబ్బు కాదు. ఆ తీరు టీనేజీలోనో తొలి యవ్వనంలోనో మొదలై ఏళ్ల తరబడి మారకుండా ఉండి, ఇంట్లో, పనిలో, స్నేహాల్లో అన్నిచోట్లా అడ్డంపడుతూ, తనకో పక్కవాళ్లకో బాధ తెచ్చిపెడుతుంటే అప్పుడు దాన్ని రుగ్మత అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5 వీటిని పది రకాలుగా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 మాత్రం 2022 నుంచి ఈ గళ్లను చాలావరకు పక్కనపెట్టి, సమస్య స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నదే ముందు చూడమంటోంది. మనిషికి ఏ పేరు తగిలించాలన్నదాని కన్నా, అతని బతుకు ఎంత దెబ్బతింటోందన్నదే ముఖ్యమని ఈ మార్పు సారాంశం.

ఈ రెండు సమస్యలూ ఎంత తరచుగా కలిసి ఉంటాయో చెప్పడానికి అమెరికాలో 2001-02లో 43 వేల మందికి పైగా పెద్దలతో జరిపిన జాతీయ సర్వే మంచి ఆధారం. అందులో మొత్తం జనంలో 14.8 శాతం మందికి ఏదో ఒక వ్యక్తిత్వ రుగ్మత కనిపించింది. గడిచిన ఏడాదిలో మద్యం సమస్య ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటే అది 28.6 శాతం. ఆ విడతలో ఏడు రకాలనే లెక్కించారు. తాగుడుతో తరచూ ముడిపడే బోర్డర్‌లైన్ రకం, అంటే ఉద్వేగాలు క్షణక్షణం మారిపోయే రుగ్మత, అందులో చేరనేలేదు. పైగా ఇది ఇళ్లకు వెళ్లి అడిగిన లెక్క. చికిత్సా కేంద్రాలకు సమస్య బాగా ముదిరినవాళ్లే వస్తారు కాబట్టి అక్కడి నిష్పత్తి సాధారణంగా ఇంకా ఎక్కువే. కేంద్రాల్లో జరిగిన అధ్యయనాల్లో కొన్నింటిలో నాలుగోవంతు మందికి, కొన్నింటిలో సగానికి పైగా మందికి ఈ రుగ్మత ఉన్నట్టు తేలింది. ప్రశ్నావళి ఇచ్చి నింపించుకుంటే అంకె పెరుగుతుంది, నిపుణులు కూర్చోబెట్టి మాట్లాడితే తగ్గుతుంది. కాబట్టి కచ్చితమైన ఒక్క అంకె చెప్పలేం. కానీ ఎంత తగ్గించి చూసినా అది పట్టించుకోకుండా వదిలేసేంత చిన్నదేం కాదు.

ఈ రెండూ ఎలా ముడిపడతాయో చూస్తే చికిత్స ఎక్కడ తప్పుతోందో అర్థమవుతుంది. నలుగురూ తనను చిన్నచూపు చూస్తారన్న భయంతో పెరిగిన కుర్రాడికి పెళ్లి విందులో మొదటిసారి రెండు పెగ్గులు పడగానే నోరు పెగులుతుంది. ఆ తర్వాత మందు లేకుండా మాట్లాడటం అతనికి చేతకాదు. ఎవరైనా తనను వదిలేసి పోతారన్న భయం, క్షణానికో రకంగా మారే ఉద్వేగాలు ఉన్న మనిషికి మందు ఆ మంటను కాసేపు చల్లార్చే సాధనం. ఎవరి బాధా పట్టని, దూకుడు ఆపుకోలేని మనిషి రేపటి గురించి ఆలోచించకుండా తాగుతాడు. ఈ ముగ్గురినీ ఒకే వార్డులో ఉంచి, అవే మాత్రలిచ్చి, అదే గ్రూపు మీటింగులో కూర్చోబెడతాం. మొదటివాడి వంతు వచ్చేసరికి అరచేతులు చెమట పట్టి, గొంతు తడారి, "నా పేరు..." దగ్గరే ఆగిపోతాడు. మర్నాడు కడుపునొప్పి అంటాడు, మూడో రోజు ఇంటికెళ్లిపోతానంటాడు. అతని కేసు షీటులో "సహకరించలేదు" అని రాస్తారు. నిజానికి చికిత్సే అతనికి సరిపోలేదు. ముందు ఒక్కడితో కూర్చుని మాట్లాడి, ఆ భయానికి విరుగుడు చూశాకే గ్రూపులోకి పంపాల్సింది.

దీనికి బలమైన అభ్యంతరమే ఒకటుంది. వ్యక్తిత్వ లోపంగా కనిపించేదంతా తాగుడు తెచ్చిపెట్టిందే కావచ్చు కదా? అబద్ధాలు, అప్పులు, కోపం, అనుమానం తాగుడు వెంట వచ్చేవే. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసిన చరిత్ర కూడా ఉంది. డీఎస్ఎం 1952, 1968 కూర్పులు తాగుడు వ్యసనాన్నే వ్యక్తిత్వ లోపాల పద్దులో వేశాయి. 1980 కూర్పు వచ్చాకే రెండింటినీ విడదీశారు. అమెరికా మానసిక వైద్యుడు జార్జ్ వేయ్లంట్ హార్వర్డ్ విద్యార్థులనూ, బోస్టన్ పేదవాడల కుర్రాళ్లనూ దశాబ్దాల పాటు పరిశీలించిన అధ్యయనాల ఆధారంగా 1983లో పుస్తకం రాశారు. తాగుబోతుల్లో కనిపించే పరాధీనత, దిగులు వంటివి చాలావరకు తాగుడుకు కారణాలు కావనీ, దాని ఫలితాలేననీ ఆయన తేల్చారు. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. అయితే చిన్నప్పటి నుంచీ హద్దుమీరి ప్రవర్తించే పిల్లలు పెద్దయ్యాక మద్యానికి బానిసలయ్యే అవకాశం ఎక్కువని దీర్ఘకాలిక అధ్యయనాలు పదేపదే చూపించాయి. అంటే కొందరిలో తాగుడు ముందు, కొందరిలో స్వభావం ముందు. ఎవరిలో ఏది ముందో అడిగి తెలుసుకోవాలి తప్ప ముందే ఊహించుకోకూడదు.

ఆ అడగడానికీ ఒక సమయముంది. కలకబారిన నీళ్లలో అడుగు కనిపించనట్టే, తాగుడు ఆపిన మొదటి రోజుల్లో మనిషి స్వభావం తెలియదు. వణుకు, నిద్రలేమి, చిరాకు, దిగులు అన్నీ విత్‌డ్రాయల్ లక్షణాలే. మద్యం వల్ల వచ్చిన దిగులు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తేలికపడుతుంది. ఆ తర్వాత డాక్టరు రోగితో పాటు తల్లినో అక్కనో కూర్చోబెట్టుకుని అడగాలి: "అమ్మా, మీవాడు మందు అలవాటు కాకముందు ఎలా ఉండేవాడు? బళ్లో గొడవలు పడేవాడా? స్నేహితులుండేవారా? మాట పడితే ఎన్నాళ్లు మనసులో పెట్టుకునేవాడు? మధ్యలో ఆర్నెల్లు మానేశాడన్నారు, అప్పుడెలా ఉన్నాడు?" చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. తాగని ఆ ఆర్నెల్లూ బంగారంలా ఉన్నాడంటే తాగుడే అసలు రోగం. అప్పుడూ అలాగే ఉన్నాడంటే చూడాల్సింది ఇంకా ఉంది. వారం పదిరోజుల్లో డిశ్చార్జి చేసి పంపేచోట ఈ ప్రశ్న అడిగే అవకాశమే రాదు.

ఇదంతా తాగుబోతుకు సాకు ఇవ్వడమే అనేవాళ్లున్నారు. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషికి ఆ కోపం న్యాయమైనదే. అయితే కారణం తెలుసుకోవడం వేరు, తప్పు మాఫీ చేయడం వేరు. రోగనిర్ధారణ గృహహింస చట్టాన్ని రద్దు చేయదు, ఆమె రక్షణ ముందు, అతని చికిత్స తర్వాత. నిజానికి నిర్ధారణ ఆమెకే ఎక్కువ ఉపయోగం. మందు మానితే అంతా సర్దుకుంటుందన్న ఒక్క ఆశమీదే బతుకు పణం పెట్టకుండా, ఏది మారుతుందో, ఎంతకాలం పడుతుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఆమెకు ముందే తెలుస్తుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అన్నది ఇంకో మాట. ఇన్నాళ్లూ వైద్యులు కూడా ఇంచుమించు అలాగే నమ్మారు. కానీ ఆధారాలు వేరే చెబుతున్నాయి. బోస్టన్ సమీపంలోని మెక్లీన్ ఆస్పత్రిలో మేరీ జానరిని బృందం బోర్డర్‌లైన్ రుగ్మత ఉన్న 290 మందిని వెంబడించింది. పదేళ్లలో 93 శాతం మందికి లక్షణాలు తగ్గుముఖం పట్టి కనీసం రెండేళ్ల పాటు అలాగే నిలిచాయి. ఉద్యోగం, అనుబంధాలు కూడా కుదుటపడి పూర్తిగా కోలుకున్నవాళ్లు సగం మందే. అంటే దారి సుదీర్ఘమే కానీ మూసుకుపోలేదు. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లైనహన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఉద్వేగాలను తట్టుకునే నేర్పును మెట్టుమెట్టుగా నేర్పుతుంది. వ్యసనం కూడా ఉన్నవాళ్ల కోసం ఆమె దాన్ని మార్చి పరీక్షించారు. వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్లు చికిత్స మధ్యలో వదిలివెళ్లే ప్రమాదం ఎక్కువ, నిజమే. కానీ నిలబడి కొనసాగినవాళ్లు తాము మొదలుపెట్టిన చోటు నుంచి మిగతావాళ్లతో దాదాపు సమానంగా మెరుగవుతారు. అందుకే ఈ నిర్ధారణ రోగిని "కష్టమైన కేసు" అని వదిలించుకోవడానికి పనికిరాకూడదు, గట్టిగా పట్టి ఉంచడానికి పనికిరావాలి.

ఇవన్నీ మనకు అందే పనులా అన్నది మిగిలిన ప్రశ్న. ఎయిమ్స్ వైద్యులు చేసిన జాతీయ సర్వే 2019లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్ల మందికి మద్యం సమస్యకు సాయం కావాలి. మద్యానికి పూర్తిగా బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. చికిత్సే దొరకని చోట వ్యక్తిత్వం గురించి మాట్లాడటం విలాసం అనిపించవచ్చు. కానీ ఒకే మనిషిని అయిదుసార్లు చేర్చుకుని అయిదుసార్లూ అదే పని చేసి పంపడమే అసలైన దుబారా. చేయాల్సింది పెద్దదేం కాదు. మూడు నాలుగు వారాల తర్వాత ఒక వివరమైన పరిశీలన, కుటుంబంతో ఒక సంభాషణ, గ్రూపుతో పాటు విడిగా కౌన్సెలింగ్, కనీసం ఏడాది ఫాలోఅప్. దగ్గర్లో నిపుణులు లేకపోతే 14416 నంబరులో టెలీ మానస్ ఉచితంగా తెలుగులోనూ మాట్లాడుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తించింది. కాబట్టి పూర్తి చికిత్స అడగడం రోగి హక్కు. డీ అడిక్షన్ సెంటర్ నుంచి మీవాళ్లను తీసుకొచ్చే రోజున ఎన్నాళ్లు మందు మానాడన్న ప్రశ్నతో ఆగిపోకండి. మందు లేని ఈ మనిషికి ఇంకేం సాయం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది అని కూడా డాక్టరును అడగండి. సమాధానం దొరికేదాకా అడగండి.